పాత ఫైబర్‌గ్లాస్ పడవలో కుళ్లిన బాల్సా: లోపలి నుంచి కోయాలా, బయటి నుంచా?

చెసపీక్ తెరచాప:
అందరికీ నమస్కారం. అమెరికాలోని మేరీలాండ్‌లో అన్నాపొలిస్ దగ్గర ఉంటాను. నాకు 1978లో తయారైన 28 అడుగుల తెరచాప పడవ ఉంది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి దాని పక్కగోడలు కట్టారు. శీతకాలానికి ఒడ్డుకెక్కించాక, సింకు నీళ్లు బయటికి పోయే వాల్వు పాతబడిందని విప్పాను. రంధ్రం అంచు నుంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. గిన్నె పెడితే తెల్లారేసరికి అర గ్లాసు చేరింది. వానలో నానిన గోనెసంచి వాసన.

కుండ కొనేటప్పుడు వేళ్లతో కొట్టి చూసినట్టు ప్లాస్టిక్ సుత్తితో లోపలి వైపంతా కొట్టి చూశాను. మంచి చోట ఖంగుమంటోంది, వాల్వు చుట్టూ మొద్దుగా పలుకుతోంది. సుద్దతో గీత గీస్తే దాదాపు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు వచ్చింది. లోపలి పొరకు సన్నని రంధ్రాలు వేశాను. వాల్వు పక్కన నల్లటి బురద, జానెడు దూరంలో తడి చెక్క, గీత దాటాక పొడి పొట్టు వచ్చాయి.

రంధ్రాల్లోంచి ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) ఎక్కిస్తే చాలని ఒడ్డున మరమ్మతులు చేసే ఒకాయన అన్నారు. మరొకరు బయటి పొర కోయమంటున్నారు. ఇది నీటి మట్టానికి కిందిభాగం. కోస్తే పడవ వంపు చెడిపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఈ చలికి లోపలి నీరు గడ్డకట్టి ఉబ్బితే పొరలు ఇంకా విడిపోతాయి కదా? పడవను వదులుకోవడం మాత్రం నావల్ల కాదు.

పాతపడవ:
దయచేసి ఎపాక్సీ ఎక్కించవద్దు. నీళ్లు తాగి ఉన్న చెక్క రెసిన్‌ను తాగదు. రెసిన్ ఖాళీల్లో మాత్రమే నిండుతుంది, పక్కనే కుళ్లు అలాగే సాగుతుంది. నేను ముందు ఆ పనే చేసి, రెండేళ్లకు అదంతా ఉలితో తవ్వి తీశాను.

లోపలి నుంచే కోయండి. బయటి పొర చెక్కుచెదరకుండా ఉంటే పడవ వంపును అదే పట్టుకుంటుంది. అయితే మొదట పడవను నిలబెట్టిన స్టాండ్లు చూడండి. ఆ చోట స్టాండు ఉంటే పడవ లోపలి అడ్డుగోడ ఉన్న చోటికి జరిపించండి, లేకపోతే చెక్క తీసేశాక ఒంటిపొర లోపలికి నొక్కుకుపోతుంది. ఈ పని మీరే చేయకండి, ఒడ్డు సిబ్బందితో చేయించండి. ఒకేసారి అంతా తెరవకుండా సగం తీసి, కట్టి, తర్వాత మిగతా సగం చేయండి.

రంపం లోతు లోపలి పొర మందానికే సరిపెట్టండి. పొడి చెక్క తగిలేదాకా తీయండి, సుద్ద గీతను నమ్మవద్దు. బాల్సా ముక్కల మధ్య సందుల్లో నీళ్లు కాలువల్లా పారతాయి. తర్వాత హీటరు, తేమ తీసే యంత్రం పెట్టి వారాల తరబడి ఆరబెట్టండి. ఆ వెచ్చదనం ఎపాక్సీ గట్టిపడడానికీ కావాలి.

కొత్త బాల్సాకు మొదట పలుచని ఎపాక్సీ పూయండి, నిలువు నారలు దాన్ని దాహంగా పీల్చుకుంటాయి. ఆ తర్వాత సిలికా పొడి కలిపి, గారెల పిండిలా జారకుండా ఉండే ముద్దను బయటి పొరకు పరిచి, చెక్కను అందులోకి నొక్కి, ఇసుక సంచులు పెట్టండి. పైపొర కలిసే అంచులను ఏటవాలుగా అరగదీయాలి. మందం 3 మిల్లీమీటర్లయితే వాలు వెడల్పు 36 మిల్లీమీటర్లు ఉండాలి. వాల్వు చుట్టూ జానెడు మేర చెక్కే వద్దు, ఫైబర్‌గ్లాస్ పొరలతోనే గట్టిగా నింపండి.

కాకినాడ ఫైబర్:
మా వైపు చేపల వేటకు వెళ్లే ఫైబర్ పడవలు బాగుచేస్తాను. మోటారు బిగించే వెనుక పలకలో ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు రంధ్రాల దగ్గరే కుళ్లు మొదలవుతుంది. రంధ్రాన్ని పెద్దది చేసి, ఎపాక్సీ ముద్దతో నింపి, మధ్యలో మళ్లీ తొలిస్తే నీళ్లు చెక్కను తాకవు. మీ పడవలో ప్రతి స్క్రూకూ ఇలాగే చేయండి.

ఇంకొకటి. మేము పాలిస్టర్ రెసిన్‌తో వాడే మ్యాటు (తుంపు నారల ఫైబర్‌గ్లాస్ చాప) మీరు ఎపాక్సీతో వాడవద్దు. చాలా రకాల మ్యాటులో నారలను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీలో బిరుసుగా మిగిలిపోతుంది. కుట్టిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ తీసుకోండి. అరగదీసేటప్పుడు మంచి మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఆ దుమ్ము ఒంటిని దురదతో చంపుతుంది.

చెసపీక్ తెరచాప:
ఇద్దరికీ ధన్యవాదాలు. స్టాండు సరిగ్గా ఆ తడి చోటే ఉంది! శుక్రవారం సిబ్బంది వచ్చి జరిపారు. శనివారం మొదటి సగం తెరిచాను. పాతపడవ గారు చెప్పినట్టే సుద్ద గీత దాటి మరో జానెడు తడి ఉంది. అక్కడ అలమర వెనుక, ఎప్పుడో తీసేసిన లోతు కొలిచే పరికరం తాలూకు రంధ్రం దొరికింది. దాన్ని ఎవరో సీలెంటుతో పూడ్చి వదిలేశారు. అసలు నీళ్లు దిగింది అక్కడి నుంచే. ఇప్పుడు తడి అడ్డుగోడ కిందికి కూడా పోయింది. అడ్డుగోడ అడుగు కోయాలా, పక్క నుంచి చెక్క లాగేయవచ్చా?

పాతపడవ:
పొడుగాటి ఉలితో పక్క నుంచి లాగి చూడండి. నాలుగు వేళ్ల లోతులో పొడి చెక్క తగిలితే అడ్డుగోడ జోలికి వెళ్లవద్దు. తగలకపోతే ఫోటోలు పెట్టండి, చూసి చెబుతాను.