6 నెలల రిలీజ్ నుంచి 2 వారాల స్ప్రింట్‌కి: ముందు ఏది మార్చాలి?

బిల్లింగ్_బండి (ప్రశ్న):
టీమ్‌లో 11 మంది: డెవలపర్లు 6, టెస్టర్లు 3, ఒక బీఏ (అవసరాలు రాసే బిజినెస్ అనలిస్ట్), ఒక పీఎం (ప్రాజెక్ట్ మేనేజర్). కరెంటు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, జావా, ఒరాకిల్. పక్కా వాటర్‌ఫాల్ (ఒక దశ ముగిశాకే తర్వాతిది): ఎస్ఆర్ఎస్ (ఏం కావాలో రాసే పత్రం) 6 వారాలు, డిజైన్ 4, కోడింగ్ 8, టెస్టింగ్ 6, యూఏటీ (క్లయింటు చేసే చివరి పరీక్ష) 2. రిగ్రెషన్ కేసులు (పాతవేవీ చెడలేదని చూసే పరీక్షలు) 900, అన్నీ మాన్యువల్. కాంట్రాక్టు ఫిక్స్‌డ్ ప్రైస్, డబ్బులు ఎస్ఆర్ఎస్, డిజైన్, యూఏటీ సంతకాల మీద వస్తాయి. ఇవే టేబుళ్లను కలెక్షన్స్ టీమ్ కూడా వాడుతుంది. వచ్చే రిలీజ్ నుంచి 2 వారాల స్ప్రింట్లు (కొంత పనిని పూర్తిగా ముగించే చిన్న విడతలు) అని పైనుంచి ఆర్డరు. స్టాండప్ (రోజూ నిలబడి చేసే చిన్న మీటింగ్), జిరా బోర్డు (ఏ పని ఏ దశలో ఉందో చూపేది) సరే, అసలు పని ఏ క్రమంలో మార్చాలి?

పైసా_తేడా:
స్టాండప్ రేపు పొద్దున్నే పెట్టుకోవచ్చండీ, దానివల్ల ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. మీకు అడ్డం ఆ 900 కేసులు. ముగ్గురు టెస్టర్లు తలా రోజుకి 15 కేసులు చేసినా 20 పని దినాలు. స్ప్రింట్‌లో ఉన్నవే 10. దాంతో రిగ్రెషన్‌ని "హార్డెనింగ్ స్ప్రింట్" అని చివరికి తోస్తారు. పేరు మారిన వాటర్‌ఫాలే అది.

స్ప్రింట్లు మొదలవకముందే 4 వారాలు దీనికి అడగండి. ప్రతి కమిట్‌కీ (కోడ్ మార్పు జమచేసినప్పుడల్లా) సర్వర్ మీద బిల్డ్ (కోడ్ మొత్తాన్ని కూర్చడం) నడవాలి, 10 నిమిషాల్లో ముగియాలి. బ్రాంచ్ (విడిగా పెట్టుకున్న కోడ్ కాపీ) ఏదైనా రెండు రోజులకి మించి బతక్కూడదు.

900 కేసుల్నీ స్క్రీన్ల మీద ఆటోమేట్ చేయాలని మాత్రం కూర్చోకండి. బటన్ పేరు మారినప్పుడల్లా విరుగుతాయి, మూడో నెలకి ఎవరూ పట్టించుకోరు. బిల్లింగ్‌కి తేలిక దారి ఉంది. గత నెల రీడింగుల్లోంచి ఓ 2,000 సర్వీసులు తీయండి, పేర్లూ ఫోన్లూ మాస్క్ చేసి. ఇప్పుడు ప్రొడక్షన్‌లో ఉన్న వెర్షన్‌తో బిల్లులు తీసి మొత్తాలు దాచండి. ప్రతి రాత్రీ కొత్త బిల్డ్‌తో అవే తీసి, పైసాతో సహా పోల్చండి. బిల్లు నంబరు, తయారైన సమయం ఎలాగూ మారతాయి, వాటిని పోలికలోంచి తీసేయాలి.

శాంపిల్ గుడ్డిగా తీస్తే లాభం లేదు. శ్లాబు అంచులు (50, 51, 100, 101 యూనిట్లు), డోర్ లాక్ (తాళం వల్ల రీడింగ్ తీయని ఇల్లు), నెల మధ్యలో మార్చిన మీటరు, సున్నా వాడకం, నెట్ మీటరు (సోలార్ కరెంటు వెనక్కిచ్చే ఇల్లు) తప్పకుండా ఉండాలి. లెక్క కోడ్‌లో సిస్‌డేట్‌ని (ఒరాకిల్ ఇచ్చే నేటి తేదీ) నేరుగా పిలుస్తుంటే పాత నెల బిల్లు మళ్లీ తీయలేరు. తేదీని బయటినుంచి ఇచ్చేలా మార్చడమే మీ మొదటి పని, చాలామంది ఇరుక్కునేది కూడా అక్కడే.

ఒక జాగ్రత్త: పాత వెర్షన్‌లో తప్పుంటే ఆ తప్పూ "సరైన జవాబు"గానే నమోదవుతుంది. తేడా కనిపించగానే కొత్త కోడ్‌ని తిట్టకుండా టారిఫ్ ఆర్డరుతో సరిచూడండి.

తొలి_వాయి:
పై మాటకి పూర్తి మద్దతు. దాని తర్వాత దెబ్బ తగిలేది పని కోసే తీరులో. మొదటి స్ప్రింట్‌లో టేబుళ్లు, రెండులో సర్వీసులు, మూడులో స్క్రీన్లు అని ప్లాన్ వేస్తే ఆరు వారాలదాకా క్లయింటుకి చూపించడానికేం ఉండదు. గారెలైతే మొదటి వాయి దించి ఉప్పు చూశాకే మిగతా పిండి జోలికి వెళ్తాం కదా.

ఇలా కోయండి: సింగిల్ ఫేజ్ ఇల్లు, అసలు రీడింగ్, బకాయి లేదు, వాడకం మొదటి శ్లాబులోపే. ఈ ఒక్క రకానికి రీడింగ్ ఎంట్రీ నుంచి బిల్లు ప్రింటు దాకా అన్నీ పనిచేయాలి. తర్వాత మిగతా శ్లాబులు, ఆ తర్వాత బకాయీ సర్‌ఛార్జీ, డోర్ లాక్ సగటు, చివర్న నెట్ మీటరు. బీఏ రాబోయే రెండు స్ప్రింట్లకి సరిపడా మాత్రమే వివరంగా రాయాలి, మిగతావి ఒక్కో లైను. పేరాలు కూడా వద్దు: ఇన్ని యూనిట్లు, ఈ కేటగిరీ, ఈ బకాయి, ఇంత బిల్లు అని పట్టిక చాలు. అదే టెస్టు కేసు కూడా అవుతుంది.

రెండో గొయ్యి, స్ప్రింట్ లోపలి బుల్లి వాటర్‌ఫాల్. ఎనిమిదో రోజున బోర్డు చూడండి. తొమ్మిది స్టోరీలు (స్ప్రింట్‌లోని చిన్న పనులు) టెస్టింగ్ కాలమ్‌లో ఉంటే వచ్చేసినట్టే. డెవలప్‌మెంట్‌లో 4, టెస్టింగ్‌లో 3 మించకూడదని హద్దు పెట్టండి. టెస్టింగ్ నిండితే డెవలపర్ కొత్తది ఎత్తుకోకూడదు, వెళ్లి టెస్ట్ చేయాలి (తను రాసింది కాదు, పక్కవాళ్లది). మొదటి రెండు వారాలూ గొణుగుడు ఖాయం.

సంతకం_శాస్త్రి:
కాంట్రాక్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్బులు సంతకాల మీదుంటే పీఎం ఎస్ఆర్ఎస్ పూర్తిగా రాయించే తీరతాడు, అతన్ని తప్పుపట్టలేం. మొత్తం తిరగరాయక్కర్లేదు, మైలురాళ్ల అర్థం మార్చే చిన్న సవరణ చాలు. ఎస్ఆర్ఎస్ మైలురాయికి: మొత్తం స్కోపు శీర్షికల స్థాయిలో, మొదటి వాయి వివరంగా. డిజైన్ మైలురాయికి: ఆ మొదటి వాయి క్లయింటు యూఏటీ సర్వర్‌లో నడవడం. యూఏటీ డబ్బు మూడు నాలుగు ముక్కలుగా.

మార్పిడి నిబంధన తప్పక పెట్టించండి: కొత్తది ఒకటి వస్తే, ఇంకా మొదలుపెట్టని దాంట్లోంచి అంతే సైజుది బయటికి. సైజుకి స్టోరీ పాయింట్లు (టీమ్ వేసుకునే పని అంచనా) మాత్రం కాంట్రాక్టులోకి ఎక్కించొద్దు. పాయింటుకి డబ్బు ముడిపడితే 3 పాయింట్ల స్టోరీ మర్నాడే 8 అవుతుంది.

క్లయింటు తరఫున ఔనో కాదో చెప్పగలిగే ఒక మనిషి స్ప్రింట్‌కి రెండు పూటలు దొరకాలి. దొరక్కపోతే 2 వారాలకి బదులు 3 వారాల స్ప్రింట్ పెట్టుకోండి. స్క్రమ్ గైడ్ (స్ప్రింట్ల పద్ధతికి మూల నియమావళి) అడిగేది నెలకి మించొద్దనే.

"ప్రాసెస్ అంటే వాటర్‌ఫాలే" అనే పెద్దాయన మీ దగ్గరా ఉంటే ఓ మాట చెవిన వేయండి: ఆ బొమ్మ గీసిన విన్‌స్టన్ రాయిస్ 1970 పేపర్‌లోనే, టెస్టింగ్ చివర్న పెట్టే ఆ వరస ప్రమాదకరమని రాశాడు. కొత్త రకం సిస్టమైతే రెండుసార్లు కట్టండన్నాడు.

స్కీమా_కాపలా:
కలెక్షన్స్ టీమ్‌తో టేబుళ్లు పంచుకుంటున్నారు కాబట్టి ఇది. కాలమ్ పేరు మార్చడం, తీసేయడం ఒక్క దెబ్బలో చేయకండి. కొత్త కాలమ్ నల్ (ఖాళీ విలువ) అనుమతిస్తూ చేర్చండి. మీ కోడ్ పాత, కొత్త కాలమ్‌లు రెండింట్లోనూ విలువ రాయాలి. పాత డేటాని 10,000 వరసల చొప్పున నింపి, విడత విడతకీ కమిట్ చేయండి (ఇక్కడ డేటాబేస్‌లో ఖాయం చేయడం). చదవడం కొత్తదానికి మార్చండి. కలెక్షన్స్ వాళ్లు కూడా మారాకే పాతది తీయండి. రెండు మూడు స్ప్రింట్లు పడుతుంది, పట్టనివ్వండి.

కలెక్షన్స్ వాళ్ల కోడ్ పాత కాలమ్‌లో రాస్తుందేమో ముందే కనుక్కోండి. రాస్తుంటే మీ కోడ్ ఒక్కటే రెండిట్లో రాయడం చాలదు, మధ్యకాలానికి ట్రిగ్గర్ (ఒకదాంట్లో రాయగానే రెండోదాంట్లోనూ రాసే డేటాబేస్ కోడ్) కావాలి.

మార్పులన్నీ ఫ్లైవే లేదా లిక్విబేస్ (డేటాబేస్ మార్పుల్ని వరసగా నడిపే టూల్స్) ఫైళ్లుగా కోడ్‌తో పాటే ఉండాలి. ఒరాకిల్‌లో డీడీఎల్ (ఆల్టర్‌లాగా టేబుల్ నిర్మాణం మార్చే ఆదేశం) ప్రతిదీ తనంతట కమిట్ అయిపోతుంది. ఒకే ఫైల్లో నాలుగు ఆల్టర్లు పెట్టి మూడోది విఫలమైతే మొదటి రెండూ వెనక్కి రావు. ఫైలుకి ఒక్క డీడీఎల్ చాలు.

బిల్లింగ్_బండి:
అందరికీ థాంక్సండీ. సిస్‌డేట్ 40 చోట్ల ఉంది, అదే ముందు పడతాం. ప్రొడక్షన్ టికెట్లు రోజూ వస్తుంటాయి, అవి స్ప్రింట్‌ని తినేయకుండా ఏం చేయాలి?

తొలి_వాయి:
వారానికొక డెవలపర్ వంతుగా టికెట్లు చూడాలి. ప్లానింగ్‌లో ఆ మనిషిని లెక్కలోంచి తీసేయండి, అంటే అయిదుగురికే పని తీసుకోండి. టికెట్లు లేని రోజు ఆ సిస్‌డేట్‌లు ఏరుకుంటాడు. టారిఫ్ సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి మారుతుంది కాబట్టి మార్చి రెండో సగంలో ఇద్దర్ని వదలండి.