పక్క బిల్డింగ్ నీడ నుంచి సోలార్ ప్యానెళ్లను కాపాడుకునే దారి ఉందా?

మా డాబాకి దక్షిణం వైపు స్థలంలో ఐదంతస్తులు లేపుతున్నారు. సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) వదిలారు, రూల్ ప్రకారమే. కానీ ఆ రూల్ ఎత్తూ, రోడ్డు వెడల్పూ చూస్తుంది గానీ ఎండ ఏ దిక్కు నుంచి వస్తుందో దానికి పట్టదు! గోడ మా డాబా కంటే 10 మీటర్లు ఎత్తు లేస్తుంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ 10 మీటర్లు, 30కి దిగితే 17 దాటుతుంది. డిసెంబర్‌ తలుచుకుంటేనే టెన్షన్. సిరీస్‌లో కలిపిన ప్యానెళ్లు కదా, ఒకదాని మీద నీడ పడినా వరుసంతటి కరెంటూ తగ్గొచ్చు.

న్యూయార్క్‌లో 1916లోనే వెలుతురు కోసం పై అంతస్తులు వెనక్కి జరపమన్నారు. ఇప్పుడు నీడ డ్రాయింగ్ చూపించి ప్లాన్ మార్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేదంటే మైక్రోఇన్వర్టర్లు (ప్యానెల్‌కొకటి చొప్పున పెట్టే చిన్న ఇన్వర్టర్లు) పెట్టడమా, ప్యానెళ్లను ఉత్తరం అంచుకి జరపడమా, ఏది మేలు?