మళ్ళీ మళ్ళీ కలవాలనిపించే మనుషులున్న సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సిరీస్ ఏవైనా చెప్తారా?

కరీంనగర్ పాఠకుడు:

మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు. మిషన్ మొదలయ్యాక కాసేపటికి ఆయన నిద్రపోతారు, నేను పక్కన స్టూల్ మీద కూర్చుని ఫోన్‌లో చదువుకుంటాను. ఇంగ్లీష్ పుస్తకాలైనా పర్వాలేదు.

పోయిన నెల బాగా పేరున్న ఒక సైన్స్ ఫిక్షన్ మూడు భాగాలూ పూర్తి చేశాను. ఐడియాలు అద్భుతం, రెండు రోజులు అదే ధ్యాస. కానీ ఇప్పుడు అందులో ఒక్కరి పేరు చెప్పమన్నా నాకు గుర్తు రావట్లేదు. తర్వాత పట్టుకున్న ఫాంటసీలో మనం ఇష్టపడ్డ వాళ్ళనల్లా చంపేస్తూ పోతున్నారు, ఆ గదిలో కూర్చుని అది చదవడం నా వల్ల కాక సగంలో ఆపేశాను.

నాకు కావాల్సింది పుస్తకం మూసినా మనతో ఉండే మనుషులు. రోబో అయినా, తోడేలైనా సరే. వాళ్ళు ఈ పూట ఏం చేస్తున్నారో చూద్దాం అని తెరవాలనిపించాలి. ఒక్క పుస్తకంతో అయిపోకుండా సిరీస్ అయితే ఇంకా మంచిది.

నక్షత్రాల లెక్క:

బెకీ చేంబర్స్ రాసిన 'వేఫేరర్స్' సిరీస్ చదవండి, మీరడిగింది అచ్చంగా ఇదే. మొదటిది 'ది లాంగ్ వే టు ఎ స్మాల్, యాంగ్రీ ప్లానెట్'. 2014లో రచయిత్రి పాఠకుల చందాలతో రాసి సొంతంగా వేసుకున్న పుస్తకం, 2019కల్లా సిరీస్‌కి హ్యూగో అవార్డు, అంటే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే పెద్ద బహుమతి, వచ్చింది. అంతరిక్షంలో సొరంగాలు తవ్వే ఒక పాత ఓడ, అందులో రకరకాల గ్రహాల వాళ్ళు. యుద్ధాలూ కుట్రలూ ఎక్కడో దూరంగా ఉంటాయి, కథంతా వీళ్ళు కలిసి తినడం, తగువులాడుకోవడం, ఒకరికి బాగోకపోతే ఇంకొకరు చూసుకోవడం.

అందులో డాక్టర్ షెఫ్ అని ఒకాయన ఉన్నాడు, ఓడకి వంటవాడూ ఆయనే, వైద్యుడూ ఆయనే. వాళ్ళ జాతిలో వయసులో ఆడవాళ్ళుగా ఉండి తర్వాత మగవాళ్ళవుతారు. అంటే ఆయన ఒకప్పుడు తల్లి, కన్న కూతుళ్ళందరినీ యుద్ధంలో పోగొట్టుకున్న తల్లి. తన తండ్రి చేసిన పనికి సిగ్గుపడి పేరు మార్చుకుని వచ్చిన రోజ్‌మేరీ అనే అమ్మాయికి ఆ సంగతి చెప్తాడు, పెద్ద గొంతు లేదు, ఉపన్యాసం లేదు. ఆ పేజీలు చదివాక నేను లేచి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను.

ఒక్క జాగ్రత్త, మొత్తం నాలుగు పుస్తకాలు కానీ ప్రతిదానిలో ముఖ్యమైనవాళ్ళు మారిపోతారు. రెండోదానిలో ఆ ఓడ వాళ్ళ కోసం వెతికితే నిరాశపడతారు.

హన్మకొండ శైలు:

నాలుగు గంటల్లో ఒకటి పూర్తవ్వాలంటే మార్తా వెల్స్ 'మర్డర్‌బాట్ డైరీస్'. పేరు చూసి భయపడకండి. మొదటి నాలుగూ చిన్న నవలలు, మొదటిది 'ఆల్ సిస్టమ్స్ రెడ్', 2017.

కథ చెప్పేది ఒక సెక్యూరిటీ రోబో, సగం యంత్రం సగం మాంసం. తనని అదుపులో పెట్టే పరికరాన్ని తనే హ్యాక్ చేసుకుని స్వేచ్ఛ సంపాదించుకుంటుంది. ఆ స్వేచ్ఛతో ఏం చేసిందంటే సీరియల్స్, సినిమాలు, పుస్తకాలు, పాటలతో గడిపేసింది, దాదాపు 35,000 గంటలు. మనుషుల కళ్ళలోకి చూడాలంటే దానికి టెన్షన్. కానీ తన మనుషులకి ఆపద వస్తే మాత్రం ముందుకి దూకుతుంది, దాన్ని ప్రేమ అంటే ఒప్పుకోదు.

రెండోది 'ఆర్టిఫిషియల్ కండిషన్'లో ఒక అంతరిక్ష నౌక దీనికి స్నేహితురాలవుతుంది. చాలా తెలివైన నౌక, కాస్త బెదిరిస్తుంది కూడా. ఇద్దరూ కలిసి సీరియల్ చూస్తుంటారు, అందులో ముఖ్యమైన పాత్ర ఒకటి చచ్చిపోతుంది, అంత పెద్ద నౌకా తట్టుకోలేకపోతుంది, ఏడు నిమిషాలు సీరియల్ ఆపి అది తేరుకునేదాకా మన రోబో ఆగుతుంది. రెండు యంత్రాల మధ్య అంత మర్యాద, అంత ఓపిక! నాకు ఆ ఏడు నిమిషాల కోసమే సిరీస్ అంతా ఇష్టం.

పాత అట్టల పుస్తకాలు:

టెర్రీ ప్రాచెట్ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? ఆయన రాసిన హాస్య ఫాంటసీ సిరీస్ డిస్క్‌వరల్డ్ మొత్తం 41 నవలలు, మీకు ఏళ్ళ తరబడి తోడుంటాయి. దయచేసి మొదటి పుస్తకంతో మొదలుపెట్టకండి, అప్పటికి ఆయన చెయ్యి ఇంకా తిరగలేదు. 1989లో వచ్చిన 'గార్డ్స్! గార్డ్స్!' తీసుకోండి, అందులో సామ్ వైమ్స్ అనే పోలీసు అధికారి ఉంటాడు, తాగి కాలవలో పడి ఉన్న మనిషిగా పరిచయమవుతాడు. ఆ తర్వాత పుస్తకానికో మెట్టు చొప్పున ఆయన లేచి నిలబడటం చూస్తాం.

'మెన్ ఎట్ ఆర్మ్స్'లో ఆయన బూట్ల లెక్క ఒకటి ఉంది. మంచి బూట్లు యాభై డాలర్లు, ఏళ్ళ తరబడి ఉంటాయి. జీతగాడు కొనగలిగేవి పది డాలర్లవి, ఒకటి రెండు సీజన్లకే అడుగున ఉన్న అట్ట చిరిగి నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. పదేళ్ళలో పేదవాడు వంద డాలర్లు పెట్టీ తడికాళ్ళతోనే ఉంటాడు. అలాంటి అరిగిన బూట్లతో తిరిగే వైమ్స్‌కి చీకట్లో కూడా ఏ వీధిలో ఉన్నాడో పాదాల కింద రాళ్ళని బట్టి తెలిసిపోతుంది. మా నాన్న కూడా ప్రతి జూన్‌లో మాకు కొత్త చెప్పులు కొని తనవి మాత్రం కుట్టించుకునేవారు, అందుకేనేమో వైమ్స్ నాకు బయటి మనిషిలా అనిపించడు.

హన్మకొండ శైలు:

ప్రాచెట్ గొప్పవాడే అండి, కానీ ఆయన ఇంగ్లీష్‌లో మాటల మీద ఆట చాలా ఎక్కువ. నర్సులు మధ్యమధ్యలో పిలుస్తుంటే అది పట్టుకోవడం కష్టం. ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు చదవమని చెప్తాను.

ఒంటరి తోడేలు:

తోడేలు అన్నారు కాబట్టి చెప్తున్నా. రాబిన్ హాబ్ ఫాంటసీ పుస్తకాల్లో ఫిట్జ్ అనే కుర్రాడు, నైట్‌ఐస్ అనే తోడేలు, ఇద్దరి మధ్య ఉన్న స్నేహం లాంటిది నేను ఇంకెక్కడా చదవలేదు. 1995లో 'అసాసిన్స్ అప్రెంటిస్'తో మొదలు, తోడేలు రెండో పుస్తకంలో వస్తుంది. అయితే ఇప్పుడు మాత్రం వద్దన్నా, మీరున్న పరిస్థితికి అది బరువు. నాన్నగారి ఆరోగ్యం కుదుటపడ్డాక చదువుకోండి.

విజయవాడ పద్మ:

మీ నాన్నగారి వయసెంతో చెప్పలేదు. అరవై దాటితే చిన్నప్పుడు చందమామ చదివే ఉంటారు. దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్, వాటికి చిత్ర గారి బొమ్మలు, మన ఫాంటసీ అంటే అదే కదా. 'మాయా సరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు ఇద్దరి జోడీ నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. ఆయన మెలకువగా ఉన్న మొదటి అరగంట అవి పైకి చదివి వినిపించండి బాబూ. నిద్రపోయాక మీ రోబో మీకు ఉండనే ఉంది.

కరీంనగర్ పాఠకుడు:

అందరికీ థాంక్స్. నాన్నకి అరవై ఎనిమిది. పద్మ గారూ, నిన్న పాత చందమామ పేజీలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళాను. రెండు పేరాలు చదివానో లేదో, సూది లేని చెయ్యి చాపి "బొమ్మ చూపించు" అన్నారు. వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. ఆ తర్వాత వాళ్ళ ఊళ్ళో చందమామ వచ్చే రోజు ఎవరు ముందు చదవాలని అన్నదమ్ములు ఎలా కొట్టుకునేవాళ్ళో చెప్తూ కూర్చున్నారు, నిద్రే పోలేదు. దాంతో నా 'ఆల్ సిస్టమ్స్ రెడ్' పది పేజీల దగ్గరే ఉంది. ఇంతకీ ఆ సీరియల్స్ పుస్తకాలుగా ఎక్కడైనా దొరుకుతాయా? ఫోన్‌లో అక్షరాలు ఆయన కంటికి ఆనట్లేదు.