ఒకే మండలం, రెండు బడులు: చదువులో ఇంత తేడా ఎందుకు?

పొదిలి నాన్న: మా అమ్మాయి నాలుగో తరగతి. వాచకంలో ఒక పేరా చదవమంటే ఒత్తున్న ప్రతి చోటా ఆగి నా ముఖం వంక చూస్తోంది. నాలుగు కిలోమీటర్ల అవతల ప్రభుత్వ బడిలో అదే తరగతి చదివే మా మేనల్లుడు దినపత్రికను తడుముకోకుండా చదువుతున్నాడు. పుస్తకాలూ, భోజనమూ రెండు చోట్లా ఒకటే కాబట్టి తేడా అయ్యవారిలోనే ఉందని నా నమ్మకం.

బడి మాస్టారు: ఆ బడుల్లో ఉపాధ్యాయులెందరో ముందు చెప్పండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉన్న చోట ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేలోపు ఐదో తరగతి భిన్నాల లెక్క బోర్డు మీదే ఆగిపోతుంది. పైగా సంక్రాంతి దాటితే మన పడమటి పల్లెల కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్తాయి, వెంట పిల్లలూ వెళ్తారు.

దర్శి వాసి: వలస వెళ్ళేవారి పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. గ్రామస్థులు అడగాలి.

పొదిలి నాన్న: మేము ఏ కోతలకూ వెళ్ళలేదు. అమ్మాయి ఒక్క రోజూ బడి మానలేదు. పోయిన ఏడాది బడికి వెళ్ళి అడిగితే ఇంట్లో చదివించమన్నారు. ఏడో తరగతితో ఆగిన నేను ఏం చదివించగలను?

ఒంగోలు పాఠకురాలు: ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది 2019 నవంబరు 14న మా ఒంగోలులోనే. గదులు బాగుపడటం వేరు, చదవడం రావడం వేరు.

బడి మాస్టారు: ప్రతిసారీ తప్పు అయ్యవారి మీదికే వస్తోంది. భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు, హాజరు అన్నీ ముగించాక పాఠానికి ఎంత సమయం మిగులుతుందో ఒక్క రోజు వచ్చి కూర్చుని చూడండి!

పొదిలి నాన్న: కూర్చున్నాను మాస్టారూ, అందుకే అడుగుతున్నాను. మా బడిలో 17 మంది, ఒక్కరే అయ్యవారు. దాన్ని మూసి, పెద్ద బడికి ఆటో పెట్టించమంటున్నాను.

బడి మాస్టారు: అయితే మన తగాదా అయ్యవారి గురించి కాదు, ఊళ్ళో బడి ఉండాలా వద్దా అని. 2022లో 117 జీవో కింద మూడు నుంచి ఐదు తరగతులను కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలకు కలిపినప్పుడు, మా ఊరి నుంచి వెళ్ళాల్సినవారిలో ఇద్దరు ఆడపిల్లలు పెద్ద రోడ్డు దాటాలనే భయంతో చాలా రోజులు బడికే పోలేదు. రెండో అయ్యవారిని అడగండి, బడిని మాత్రం తీయించకండి. ఆటో రాని రోజు ఏం చేస్తారు?

పొదిలి నాన్న: నా బండి మీద దింపుతాను.

బడి మాస్టారు: మీ అమ్మాయిని దింపుతారు. అమ్మానాన్నలు కోతలకు పోగా అవ్వ దగ్గర ఉండిపోయిన పిల్లలను ఎవరు దింపుతారు?

పొదిలి నాన్న: మా బడిలో అలాంటివాళ్ళు ఐదుగురున్నారు. రేపు ఆ ఇళ్ళకు వెళ్ళి అడిగి వచ్చి రాస్తాను.