ఆట సంస్థలు రాజకీయ వైఖరి తీసుకోవాలా? ఆసియా కప్ ఫైనల్ నుంచి నన్ను వదలని ప్రశ్న

ఉప్పల్ నార్త్ స్టాండ్:
2025 సెప్టెంబర్ 28, దుబాయ్, ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ మీద 147 కొట్టాలి, 20 పరుగులకే మూడు వికెట్లు పోయాయి. మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ చివరిదాకా నిలబడి 69 నాటౌట్‌తో గెలిపించాడు. ఇంటిల్లిపాదీ మేలుకొని చూశాం. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడు మొహ్సిన్ నఖ్వీ పాకిస్తాన్ హోంమంత్రి కూడా. ఆయన చేతి నుంచి కప్పు తీసుకోబోమని మనవాళ్లు అన్నారు. చివరికి కప్పు లేకుండానే సంబరం చేసుకున్నారు. మా తొమ్మిదేళ్ల అబ్బాయి "నాన్నా, కప్పేది?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

2025 ఏప్రిల్‌లో పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపేశారన్న బాధ నాకూ ఉంది. కానీ ఆడటానికి ఒప్పుకొని, టికెట్లూ ప్రసార హక్కులూ అమ్ముకున్నాక పాకిస్తాన్ ఆటగాళ్లతో చేతులు కలపకుండా, షేక్‌హ్యాండ్ దగ్గర మాత్రం దేశం గుర్తుకు రావడం నాకు మింగుడు పడలేదు. బోర్డులు, లీగులు, ఫ్రాంచైజీలు రాజకీయాల జోలికి పోకుండా ఆట ఆడించాలి, అంతే. మీరేమంటారు?

పెన్నా ఒడ్డు:
అన్నా, మా పెద్దన్నయ్య సైన్యంలో ఉన్నాడు. ఆ మే నెలలో పాకిస్తాన్‌తో పోరు జరిగిన నాలుగు రోజులూ ఫోన్ కలవలేదు. ఆ నాలుగు రోజులూ మా అమ్మ అన్నం సరిగ్గా ముట్టలేదు. మనవాళ్లు ఏమీ జరగనట్టు నవ్వుతూ చేతులు కలిపి ఉంటే నేను టీవీ కట్టేసేవాణ్ణి. కెప్టెన్ సూర్యకుమార్ పాకిస్తాన్‌తో మొదటి మ్యాచ్ గెలుపును సైన్యానికి అంకితం చేశాడు. అందుకు అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) మ్యాచ్ ఫీజులో 30 శాతం కోత వేసింది. ఆ మాట మా ఇంట్లో ఎంత ఊరటనిచ్చిందో మీకు చెప్పలేను. అది మీకు రాజకీయంగా కనిపిస్తే కనిపించవచ్చు, మాకు మాత్రం కాదు.

నెల్లూరు టెన్నిస్ మాస్టారు:
బాబూ, ఈ ప్రశ్న కొత్తది కాదు. 1974లో టెన్నిస్‌లో దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ ఫైనల్‌కు మన దేశం చేరింది. పుణేలో సోవియట్ యూనియన్‌ను ఓడించి మరీ చేరాం. అమృత్‌రాజ్ సోదరులు మంచి ఊపులో ఉన్నారు. ఎదురుగా ఉన్నది వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికా. మనం ఆడనే లేదు. బంతి పడకుండానే కప్పు వాళ్లకు వెళ్లింది. నేనప్పుడు డిగ్రీ కుర్రాణ్ణి. మా కోర్టు దగ్గర రోజుల తరబడి ఇదే వాదన.

అంతకు ఆరేళ్ల ముందు సంగతి కూడా చెప్పాలి. బేసిల్ డోలివేరా దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు, తెల్లవాడు కాదు కాబట్టి అక్కడి జట్టులో చోటు లేదు. ఇంగ్లండ్ వచ్చి ఇంగ్లండ్‌కు ఆడాడు. 1968లో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. అయినా దక్షిణాఫ్రికా పర్యటనకు మొదట అతన్ని ఎంపిక చేయలేదు. వేరొకరు తప్పుకుంటే ఆ చోటు దక్కింది. వెంటనే అక్కడి ప్రధాని వోర్స్టర్ ఈ జట్టును రానివ్వమన్నాడు, పర్యటన రద్దయింది. ఆ మొదటి ఎంపికలో సెలెక్టర్లు "మాకు రాజకీయాలు వద్దు" అనుకొని ఉంటే మాత్రం, ఆ మౌనం ఎవరికి పనికొచ్చింది? నాయనా, ఆటను రాజకీయాలకు దూరంగా ఉంచాలనే మాట కొన్నిసార్లు బలవంతుడికే కంచె కడుతుంది.

ఉప్పల్ నార్త్ స్టాండ్:
మాస్టారూ, కాదనను. కానీ 1970 తర్వాత దక్షిణాఫ్రికాను క్రికెట్ నుంచి వెలివేస్తే వాళ్ల బ్యాటర్ గ్రేమ్ పొలాక్ 23 టెస్టులతో ఆగిపోయాడు. 60కి పైగా సగటు ఉన్నవాడు! బ్యారీ రిచర్డ్స్‌కు దక్కినవి నాలుగే టెస్టులు. వాళ్లు చేసిన పాపమేమిటి? 1974లోనూ అంతే. వైఖరి తీసుకున్నది సంఘం, ప్రభుత్వం. ఫైనల్ పోగొట్టుకున్నది అమృత్‌రాజ్ సోదరులు.

నెల్లూరు టెన్నిస్ మాస్టారు:
నువ్వు చెప్పిన ఆ పొలాక్, రిచర్డ్స్, వాళ్లతోపాటు బౌలర్ ప్రాక్టర్ 1971 ఏప్రిల్‌లో కేప్‌టౌన్ న్యూలాండ్స్ మైదానంలో ఏం చేశారో తెలుసా? ఒక్క బంతి వేసి అందరూ బయటికి నడిచారు. ప్రతిభను బట్టే జట్టు ఎంపిక జరగాలని ప్రకటన ఇచ్చారు. వెలి దెబ్బ తగిలాకే వాళ్ల నోట ఆ మాట బయటికి వచ్చిందని నా నమ్మకం. అక్కడి తెల్లవాళ్లకు క్రికెట్, రగ్బీ అంటే ప్రాణం. అందుకే ఆ వెలి తగలాల్సిన చోటే తగిలింది. 1991 నవంబర్‌లో క్లైవ్ రైస్ కెప్టెన్‌గా దక్షిణాఫ్రికా జట్టు మళ్లీ అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టింది మన ఈడెన్ గార్డెన్స్‌లోనే. ఆ రోజు నేను రేడియో వదల్లేదు.

మెల్‌బోర్న్ తెలుగమ్మాయి:
సంస్థ వేరు, మనిషి వేరు. ఆ తేడా వదిలేసి మాట్లాడుతున్నామేమో. 2023 డిసెంబర్‌లో పెర్త్ టెస్టుకు ఆస్ట్రేలియా బ్యాటర్ ఉస్మాన్ ఖవాజా గాజా ప్రజల కోసం తన బూట్ల మీద "స్వేచ్ఛ మానవ హక్కు", "అన్ని ప్రాణాలూ సమానమే" అని రాసుకున్నాడు. ఐసీసీ ఒప్పుకోలేదు. నల్ల పట్టీ కట్టుకుంటే మందలించింది. ఆ తర్వాత పావురం, ఆలివ్ కొమ్మ గుర్తు అడిగితే దానికీ కాదంది. మా మెల్‌బోర్న్‌లో డిసెంబర్ 26న మొదలయ్యే బాక్సింగ్ డే టెస్టుకు కూతుళ్ల పేర్లు బూట్ల మీద రాసుకొని దిగాడు. నేను ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాను. అతను బ్యాటింగ్‌కు వస్తుంటే నా కళ్లు బూట్ల మీదే ఉన్నాయి. ఏ దేశం పేరూ, ఏ పార్టీ పేరూ లేని మాట కూడా చెప్పనివ్వలేదు కదా అని గుండె బరువెక్కింది.

అదే ఐసీసీ 2019 మార్చిలో రాంచీలో మన జట్టు సైనిక టోపీలు పెట్టుకోవడానికి అనుమతించింది. మూడు నెలలకు ధోనీ గ్లవ్స్ మీది బలిదాన్ గుర్తు (సైన్యంలోని పారా ప్రత్యేక దళాల చిహ్నం) తీసేయమంది. 2021లో ఆటగాళ్లు జాతి వివక్షకు నిరసనగా మోకాలి మీద కూర్చుంటే అభ్యంతరం చెప్పలేదు. ఒక్కొక్కరికి ఒక్కో కొలతా?

పెన్నా ఒడ్డు:
అక్కా, రాంచీ టోపీలు జాతీయ రక్షణ నిధికి విరాళం కోసం. అడిగి అనుమతి తీసుకున్నారు. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టొద్దు. కానీ ఖవాజా విషయంలో మీ బాధ అర్థమైంది. ఆ రెండు మాటల్లో తప్పు నాకూ కనిపించలేదు.

బెజవాడ ఆఫ్ స్పిన్:
ఇంకో కోణం. 2021 టీ20 ప్రపంచకప్‌లో వెస్టిండీస్‌తో మ్యాచ్ రోజునే దక్షిణాఫ్రికా బోర్డు అందరూ మోకాలి మీద కూర్చోవాల్సిందేనని ఆదేశించింది. క్వింటన్ డికాక్ మ్యాచ్ నుంచే తప్పుకున్నాడు. తర్వాత క్షమాపణ చెప్పి, తన సవతి తల్లి నల్లజాతి మహిళ అని వివరించుకోవాల్సి వచ్చింది. ఎంత మంచి ఉద్దేశమైనా ఆదేశమిచ్చి చేయిస్తే అది ఆ మనిషి వైఖరి ఎలా అవుతుంది?

జింబాబ్వే ఆటగాళ్లు హెన్రీ ఒలోంగా, ఆండీ ఫ్లవర్‌లను చూడండి. 2003 ప్రపంచకప్‌లో, ఫిబ్రవరి 10న హరారేలో నల్ల పట్టీలు కట్టుకొని, జింబాబ్వేలో ప్రజాస్వామ్యం చనిపోతోందని ప్రకటన ఇచ్చారు. ఒలోంగా అంతర్జాతీయ కెరీర్ ఆ ప్రపంచకప్‌తోనే ముగిసింది, దేశం వదలాల్సి వచ్చింది. బోర్డు అండ లేకుండా ఇద్దరు మనుషులు చేసిన పని అది. నేను మర్చిపోలేను.

సన్‌రైజర్స్ పాత అభిమాని:
మన జట్టు సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2013 ఐపీఎల్, సన్‌రైజర్స్ మొదటి సీజన్, కెప్టెన్ కుమార సంగక్కర. శ్రీలంక తమిళుల విషయంలో తమిళనాట ఆగ్రహం ఉండటంతో శ్రీలంక ఆటగాళ్లను చెన్నైలో ఆడించొద్దని ముఖ్యమంత్రి జయలలిత కోరారు, లీగ్ సరేనంది. చెన్నై మ్యాచ్‌కు మన కెప్టెన్, తిసార పెరీరా ఇద్దరూ లేరు. కామెరాన్ వైట్ నడిపించాడు. తమిళుల వేదన నిజం, ఆ యుద్ధంలో పోయిన ప్రాణాలు నిజం. కానీ మ్యాచ్ ఆపలేదు, డబ్బు ఆపలేదు, ఇద్దరు ఆటగాళ్లను మాత్రం పక్కన పెట్టారు. 2009 నుంచి పాకిస్తాన్ ఆటగాళ్లు లీగ్‌లో లేరు. అదీ నోరు తెరిచి ఎవరూ చెప్పని నిర్ణయమే.

ఉప్పల్ నార్త్ స్టాండ్:
నేను మొదట రాసినదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటాను. డోలివేరా కథ విన్నాక "సంస్థలు ఎప్పుడూ నోరు మూసుకోవాలి" అనలేను. అయితే వైఖరి తీసుకునే సంస్థ ముందు తన జేబులోంచి ఏదైనా వదులుకోవాలి. ముందే ప్రకటించాలి. ఆటగాళ్లను ముందుకు తోసి వెనక నిలబడకూడదు. దుబాయ్‌లో ఆదాయం బోర్డుకు వచ్చింది, షేక్‌హ్యాండ్ ఇవ్వని భారం ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల మీద పడింది.

పెన్నా ఒడ్డు:
బోర్డు సొంతంగా తేల్చింది కాదన్నా. 2025 ఆగస్టులో కేంద్ర క్రీడాశాఖే చెప్పింది, పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక మ్యాచ్‌లు వద్దు, పలు దేశాల టోర్నీల్లో ఆడవచ్చని. అయినా మీ మాటలో ఒకటి ఒప్పుకుంటా. ఆ జూలైలోనే ఇంగ్లండ్‌లో మాజీ ఆటగాళ్ల లెజెండ్స్ టోర్నీ జరిగింది. ధావన్, హర్భజన్ వాళ్ల జట్టు పాకిస్తాన్‌తో లీగ్ మ్యాచ్ ఆడలేదు, సెమీఫైనల్ కూడా వదిలేసుకుంది. పాకిస్తాన్ ఆడకుండానే ఫైనల్‌కు వెళ్లింది. అది చూసినప్పుడు మా అమ్మ ముఖంలో కనిపించిన తృప్తి, నిజం చెప్పాలంటే, దుబాయ్ రాత్రి కనిపించలేదు.

మెల్‌బోర్న్ తెలుగమ్మాయి:
మాస్టారూ, ఒక్కటి అడగాలని ఉంది. 1974లో వదిలేసిన ఆ ఫైనల్ గురించి మీకు ఇప్పటికీ బాధ లేదా?

నెల్లూరు టెన్నిస్ మాస్టారు:
ఉందమ్మా. 1987లో మళ్లీ ఫైనల్‌కు వెళ్లాం, స్వీడన్ 5-0తో ఓడించింది. డేవిస్ కప్ ఈ రోజుకీ మన దేశానికి రాలేదు. 1974లో అమృత్‌రాజ్ సోదరులు గెలిచేవారని నా నమ్మకం. విజేతల జాబితాలో ఆ ఏడాది పక్కన దక్షిణాఫ్రికా పేరు చూసినప్పుడల్లా కాసేపు మనసు బాగుండదు. ఆడి ఉండాల్సిందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.