కార్న్‌ఫర్త్ స్టేషన్‌ను సినిమా కాపాడిందా, కప్పేసిందా?

వెండితెర_వీక్షకుడు: ఇంగ్లండులో లాంకషైర్‌లోని కార్న్‌ఫర్త్ స్టేషన్‌లో దర్శకుడు డేవిడ్ లీన్ తన ప్రేమకథా చిత్రం ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ను 1945లో చిత్రీకరించి ఉండకపోతే, ఆ భవనాలు ఈపాటికి నేలమట్టమయ్యేవని నా నమ్మకం. 1970లో ప్రధాన మార్గపు ప్లాట్‌ఫారాలు మూతపడి శిథిలావస్థకు చేరిన చోట 2003లో వారసత్వ కేంద్రం తెరుచుకున్నదంటే, అది ఆ చిత్రం చలవే.

పాత_పాయింట్స్‌మన్: నాయికా నాయకులు కలుసుకునే ఫలహారశాల సన్నివేశాలను డెన్హమ్ స్టూడియోలో సెట్టు వేసి తీశారు. ఇప్పుడు స్టేషన్‌లో సందర్శకులకు టీ పోస్తున్న గదిని ఆ సెట్టును చూసి అమర్చారు. దీన్ని వారసత్వమని ఎలా అనగలం?

వెండితెర_వీక్షకుడు: ప్లాట్‌ఫారాల మీది దృశ్యాలు అసలువే కదండీ! యుద్ధం ఇంకా ముగియలేదు. వైమానిక దాడి హెచ్చరిక వస్తే దీపాలు ఆర్పడానికి వ్యవధి ఉంటుందనే లండన్‌కు అంత దూరంలోని స్టేషన్‌ను ఎంచుకుని, రాత్రిళ్లు చిత్రీకరించారు. తెర మీద కనిపించే ఆ గడియారం, ఆ వాలు దారులు నేటికీ ఉన్నాయి.

పాత_పాయింట్స్‌మన్: నేను అడిగింది గది గురించి. మీరు గడియారం చూపిస్తున్నారు.

గోదావరి_గట్టు: గది నకలైనా టీ అసలుదే కదా, కానివ్వండి.

వెండితెర_వీక్షకుడు: ఒక్క గదిని పట్టుకుని స్టేషన్ మొత్తాన్ని కొట్టిపారేయడం పంతమే తప్ప వాదన కాదు.

పాత_పాయింట్స్‌మన్: పంతమే అనుకోండి. మా నాన్నగారు పనిచేసిన జంక్షన్‌లో సిగ్నల్ క్యాబిన్‌ను కూల్చేసినప్పుడు ఒక్కరూ నోరెత్తలేదు, ఎందుకంటే అక్కడ ఏ నాయికా కన్నీరు పెట్టుకోలేదు. కెమెరా పడితేనే స్టేషన్‌కు విలువ వస్తుందా? అక్కడ రాత్రింబవళ్లు బండ్లు నడిపించినవాళ్ల పని లెక్కలోకి రాదా?

వెండితెర_వీక్షకుడు: అంటే మీ కోపం ఫలహారశాల మీద కాదన్నమాట. ఆ చిత్రంలో స్టాన్లీ హాలోవే వేసినది టికెట్ కలెక్టరు పాత్రే. రైల్వే మనిషికి అంత చోటిచ్చిన ప్రేమకథలు ఎన్ని ఉన్నాయో చెప్పండి.

పాత_పాయింట్స్‌మన్: ఆయన కూడా ఎక్కువసేపు ఆ సెట్టులోని కౌంటరు దగ్గరే సరసాలాడతాడు. సినిమా వల్ల సందర్శకులు వచ్చారు, కాదనను. కానీ లండన్, గ్లాస్గోల మధ్య తిరిగే బండ్లు ఈనాటికీ కార్న్‌ఫర్త్‌లో ఆగకుండా దూసుకుపోతున్నాయి. స్టేషన్‌ను కాపాడామని మీరు గోడలను చూసి అంటున్నారు. నేను ఆగే బండిని చూసి అంటాను.