గోలీల కవర్ల మీద బొమ్మలు: చదువు రానివాళ్లకు ఏవి అర్థమవుతాయి, ఏవి తప్పుదోవ పట్టిస్తాయి?

పీహెచ్‌సీ ఫార్మసీ, ములుగు జిల్లా:
బీపీ, షుగర్ గోలీలు నెలకు సరిపడా ఒకేసారి ఇస్తున్నాం. తీసుకునేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు, చదువు రాదు. కొందరు ఇంట్లో కోయ మాట్లాడతారు. కవరు మీద 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) అని రాసినా లాభం లేదు. అందుకే బొమ్మల స్టిక్కర్లు అచ్చు వేయిద్దామనుకుంటున్నాం. పొద్దున్నకు ఉదయించే సూర్యుడు, మధ్యాహ్నానికి నిండు సూర్యుడు, సాయంత్రానికి గుంకే సూర్యుడు, రాత్రికి నెలవంక. అన్నానికి ముందు అంటే ఖాళీ కంచం, తర్వాత అంటే నిండు కంచం. వద్దు అనడానికి ఎర్ర ఇంటూ గుర్తు. ముఖ్యంగా నాలుగు మందులు: షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్. ప్రెస్సుకు ఇచ్చేముందు ఏం మార్చాలో చెప్పండి. సరఫరా మారినప్పుడల్లా గోలీ రంగు కూడా మారిపోతోంది, దానికేం చేయాలి?

క్లినికల్ ఫార్మసిస్ట్, గుంటూరు:
ముందు ఆ ఖాళీ కంచం తీసేయండి సార్. మీ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదమైంది అదే. ఖాళీ కంచం చూస్తే కొందరికి 'తినడం అయిపోయింది' అనిపిస్తుంది, కొందరికి 'ఏమీ తినకూడదు' అనిపిస్తుంది. గ్లిమెపిరైడ్ విషయంలో రెండో అర్థం తీసుకున్నవాళ్లు బిళ్ళ మింగి, ఏమీ తినకుండా పొలానికి పోతారు. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, చివరికి స్పృహ తప్పడం దాకా వస్తుంది. కాబట్టి గ్లిమెపిరైడ్ బొమ్మలో అన్నం కనపడి తీరాలి. పైన నోటి దగ్గర బిళ్ళ పట్టుకున్న మనిషి, దాని కిందే కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతున్న అదే మనిషి. మెట్‌ఫార్మిన్‌కి దీన్ని తిరగేయండి: పైన భోజనం, కింద బిళ్ళ.

పక్కపక్కన వద్దు. ఎడమ నుంచి కుడికి చూడటం చదువుతో వచ్చే అలవాటు, అది అందరికీ ఉండదు. ఉర్దూ చదివేవాళ్లయితే కుడివైపు నుంచే మొదలుపెడతారు. పైనుంచి కిందికి పెట్టినా, ఇచ్చేటప్పుడు ఏది ముందో వేలు పెట్టి చూపించాల్సిందే.

సూర్యుళ్లు కూడా ఎక్కువయ్యాయి. గీత మీద సగం సూర్యుడు గీస్తే అది పొద్దున్నో సాయంత్రమో తెలిసే దారి లేదు. మీ నాలుగు మందులకీ సాయంత్రం పూటతో పనే లేదు గనక ఆ బొమ్మ వదిలేయండి. కిరణాలు లేని గుండ్రటి సూర్యుడు బిళ్ళలాగే ఉంటాడు, నెలవంక విరిచిన బిళ్ళలా ఉంటుంది. రాత్రి గడి మొత్తం నల్లగా చేసి చంద్రుడు, చుక్కలు, చాప మీద పడుకున్న మనిషి వేస్తే గందరగోళం తగ్గుతుంది.

ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్‌లకు తిండితో ముడి లేదు, వాటి మీద కంచం వేయకండి. ఈ రెండూ ఒంట్లో చాలాసేపు పనిచేస్తాయి, ఏ పూట వేసుకున్నా రోజూ అదే పూట అయితే చాలు. డాక్టరుగారితో మాట్లాడి ఆమ్లోడిపిన్ పొద్దున మెట్‌ఫార్మిన్‌తో, అటోర్వాస్టాటిన్ రాత్రి మెట్‌ఫార్మిన్‌తో కలిపేస్తే రోజుకు రెండు పూటలే మిగులుతాయి. నా దృష్టిలో బొమ్మలు గీయడంకన్నా ముందు చేయాల్సిన పని ఇది.

ప్రజారోగ్య పరిశోధన, హైదరాబాద్:
గుంటూరు మేడమ్ చెప్పినవి మార్చాక కూడా నేరుగా అచ్చుకు పంపకండి, పరీక్షించండి. మందుల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా ఫార్మకోపియా సంస్థ వాళ్లు మందుల సూచనలకు గీసిన 81 బొమ్మలు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. వాటిలో కొన్నిటిని పరిశోధకులు రాస్ డౌస్, మార్టినా ఎలర్స్ దక్షిణాఫ్రికాలో అంతగా చదువుకోని ఖోసా భాష మాట్లాడేవాళ్లకు చూపించారు (2001). అక్కడి మనుషులు, అక్కడి వస్తువులతో కొత్తగా గీసినవే బాగా అర్థమయ్యాయి. ఫోర్కు, స్పూను పక్కన పెట్టిన ప్లేటు బొమ్మ మన ఊళ్లలో ఎందుకు పనికిరాదో వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష ఇలా చేయండి. మాటలేమీ లేకుండా ఒక్కో బొమ్మ చూపించి, 'ఈ కాగితం మిమ్మల్ని ఏం చేయమంటోంది?' అని అడగండి. 'ఇది రాత్రి అని తెలుస్తోందా?' అంటే ఎవరైనా అవుననే అంటారు. జవాబు ఉన్నదున్నట్టు రాసుకోండి. దవాఖాన సిబ్బందిని అడగొద్దు, వాళ్లకు జవాబు ముందే తెలుసు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 67 శాతం మందికి అర్థమైతే సరిపోతుందంటుంది. అమెరికా భద్రతా గుర్తుల ప్రమాణం ఆన్సి 85 శాతం అడుగుతుంది, పైగా పూర్తిగా ఎదురర్థం చెప్పేవాళ్లు 5 శాతం మించకూడదంటుంది. మందుల విషయంలో ఆ రెండో షరతే నాకు ముఖ్యం. అర్థం కానివాళ్లు వచ్చి అడుగుతారు. తలకిందులుగా అర్థమైనవాళ్లు అడగకుండానే మింగేస్తారు.

ఎర్ర గుర్తుకు ఒక ఉదాహరణ. మొటిమల మందు ఐసోట్రెటినాయిన్ ప్యాకెట్ మీద గర్భిణి బొమ్మ, దానిపై అడ్డగీత వేశారు. గర్భిణులు వాడకూడదని దాని అర్థం. కొందరు ఆడవాళ్లు అది గర్భం రాకుండా చేసే మందు అనుకున్నారు. అందుకే 'వద్దు' అనేదాన్ని బొమ్మకు వదలకండి, నోటితో చెప్పండి.

ఆసుపత్రి స్టోర్స్, విజయవాడ:
రంగు సంగతి. స్టిక్కరు మీద మాత్ర రంగు, ఆకారం అచ్చు వేయకండి. ఆ చోట రెండు సెంటీమీటర్ల ఖాళీ గడి వదలండి. ఆ నెల వచ్చిన సరుకులోంచి ఖాళీ స్ట్రిప్ ముక్క ఒకటి కత్తిరించి గడిలో టేపుతో అతికించండి. కంపెనీ మారితే పాత ముక్క పీకి, కొత్తది రోగి కళ్లముందే అతికించి, 'రంగు మారింది, మందు అదే' అని చెప్పండి. లేకపోతే ఇంట్లో మిగిలిన పాతవీ, ఈ కొత్తవీ రెండూ వేసుకుంటారు. ఒకే మందు రెండింతలు పడటానికి దారి ఇదే.

ఒక కవరుకు ఒకే మందు. స్ట్రిప్ కత్తిరిస్తే గడువు తేదీ ఉన్న ముక్కను కవరులోనే ఉంచండి. మాత్రలు విప్పి పోయొద్దు, చెమ్మ పడుతుంది. బొమ్మ ఒక్కోటి రెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. తెల్ల కాగితం మీద లావు నల్ల గీతలు చాలు, శుక్లాలు ఉన్న కంటికి లేత రంగులు ఆనవు. బిల్లు మిషన్ కాగితం వాడొద్దు, ఎండకూ వేడికీ అక్షరమే మిగలదు. సగం మాత్ర బొమ్మ అసలు పెట్టకండి. ఆమ్లోడిపిన్ 5లో సగం రాస్తే 2.5 ఎంజీ ఉందేమో చూసి ఇవ్వండి. మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (ఒంట్లో మెల్లగా విడుదలయ్యే రకం) అయితే విరవనే కూడదు.

స్టాఫ్ నర్స్, పల్లె దవాఖాన:
ఇచ్చేటప్పుడు 'అర్థమైందా?' అని అడగకండన్నా. అందరూ తలూపుతారు. 'అమ్మా, రేపు పొద్దున లేచినంక ఏ కవరు తీస్తవ్, ఎన్ని గోలీలు వేసుకుంటవ్, చూపియ్యి' అనండి. చేత్తో తీసి చూపిస్తే మనకూ తెలుస్తుంది. తప్పు తీస్తే మందలించొద్దు, మళ్ళీ చెప్పి మళ్ళీ తీయమనాలి. ఇంట్లో గోలీలు ఇచ్చేది కోడలో మనవడో అయితే బొమ్మలు వాళ్లకూ చూపించాలి. కోయ వచ్చిన ఆశా కార్యకర్త పక్కన ఉంటే మరీ మంచిది.

పీహెచ్‌సీ ఫార్మసీ, ములుగు జిల్లా:
అందరికీ ధన్యవాదాలు. ఖాళీ కంచం, ఎర్ర గుర్తు, సాయంత్రం మూడూ తీసేశాం. ఒక్కటి మిగిలింది. కీళ్లవాతానికి పెద్దాసుపత్రిలో వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ రాసి పంపుతున్నారు. దానికి ఏ బొమ్మ వేయాలి?

క్లినికల్ ఫార్మసిస్ట్, గుంటూరు:
దానికి సూర్యుడూ చంద్రుడూ వేయనేకూడదు, చూసినవాళ్లు రోజూ వేసుకోమన్నారనుకుంటారు. మెథోట్రెక్సేట్ రోజూ పడితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. నెల మందు ఒకే కవరులో ఇవ్వకండి. నాలుగు చిన్న కవర్లు చేసి, ఒక్కోదాంట్లో ఒక్క వారం మోతాదు వేసి అంటించేయండి. అన్నీ 2.5 ఎంజీ బిళ్ళలే ఉండాలి, 10 ఎంజీ కలపొద్దు. వారం పేరు కన్నా ఆ ఊరి సంత రోజు బాగా గుర్తుంటుంది. కవరు మీద సంత బొమ్మ వేసి, 'సంత నాడు ఒక కవరు' అని చెప్పండి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ (ఒక విటమిన్) రాసి ఉంటే అది పెద్ద కవరులో, వేరే రంగు కాగితంలో ఇవ్వండి, రెండూ పసుప్పచ్చ బిళ్ళలుగా వచ్చే అవకాశం ఉంది. నోట్లో పుండ్లు లేచినా, జ్వరం వచ్చినా తర్వాతి కవరు విప్పకుండా పట్టుకుని రమ్మని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి.